ఉప్పు లేని బండి

ఆ ఏడు మే నెల మొదట్లో నా దగ్గర ఉన్నవి ఇవీ: రంగత్ బజారులో వక్కలూ కొబ్బరీ కొనే కొట్టు, దాని వెనక రేకుల గోడౌను, బ్యాంకులో బండి కోసం విడిగా దాచిన నాలుగు లక్షల అరవై వేలు, ఎడమ మణికట్టులో స్టీలు ప్లేటు ఉన్న భార్య, ఎనభై ఏళ్ల తల్లి, ఇవి కాక ఒక పేరు. "నూకన్న చేతిలో పుచ్చు వక్క పడదు" అని మాయాబందర్ దాకా అనేవారు. ఆ పేరును కూడా ఆస్తి కిందే లెక్కేసుకునేవాణ్ణి.

నా భార్య పద్మిని టీచరు. బడి కదంతల దగ్గర, మెయిన్ రోడ్డు దిగి లోపలికి వెళ్ళాలి. ఇంటి నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లు. బస్సు వేళకీ బడి వేళకీ కుదరదు. అందుకని స్కూటీ మీద వెళ్ళొచ్చేది. కిందటి వానాకాలంలో కొండ మీది ఘాటు రోడ్డు దిగుతుంటే స్కూటీ జారింది. మణికట్టులో ప్లేటు అప్పుడు వేసిందే. ఇంకా రెండేళ్ల ఎనిమిది నెలల సర్వీసు ఉంది. బడి పక్కన ఒక క్వార్టరు ఖాళీగా ఉంది. వానలు మొదలయ్యేలోగా ఇంటికి నాలుగు చక్రాల బండి రాకపోతే ఆవిడ అక్కడికి మకాం మార్చక తప్పదు. మా ఇరవయ్యారేళ్ల కాపురంలో రాత్రి అన్నం వేరువేరుగా తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్క పెరగడం ఇద్దరికీ ఇష్టం లేదు. ఫిబ్రవరిలోనే పద్మిని డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఇక బండి కొనడం నా వంతు. గుంతలకి ఎత్తుగా, ఘాటుకి బలంగా ఉండే ఎస్‌యూవీ కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. పాతదే చూడాలి.

పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరే ముందు రోజు అన్నం వడ్డిస్తూ అంది, "ఏమండీ, దీన్ని వక్కలు కొన్నట్టు కొనకండి."

"వక్కలు బాగా కొంటున్నాను కాబట్టే కదా ఇల్లు నడుస్తోంది?"

"తక్కువకి కొనడం వేరు, మంచిది కొనడం వేరు. ఇది మంచిది కావాలి. అంతే."

పక్కన కూర్చున్న మా అమ్మ యర్రమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "ఏటే పద్మినీ, నా కొడుకు సెడ్డది కొంటాడా? ఆడి నాలిక నా నాలికే."

అమ్మ మాటలో అతిశయం లేదు. పెళ్ళయిన ఏడాదే సిక్కోలు నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చి, గంపలో ఎండుచేపలు పెట్టుకుని అమ్మిన మనిషి. చిన్న ముక్క తుంచి నాలిక మీద పెట్టుకుంటే ఎన్ని రోజుల ఎండో, ఎంత ఉప్పో చెప్పేసేది. నాకూ అదే నేర్పింది. కొబ్బరి అయినా, వక్క అయినా మా ఇంట్లో కంటితో కొనరు, నాలికతో కొంటారు.

ఇక్కడ బండిని చంపేది వయసు కాదు, ఉప్పు. మెయిన్‌లాండ్‌లో పాత బండి కొనేవాడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడుగుతాడు. మేం సముద్రానికి ఎంత దూరంలో పడుకుందని అడుగుతాం. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, అడుగున రేకు అట్టలా ఊడి వస్తుంది.

పోర్ట్ బ్లెయిర్ పేరు కాగితాల మీద మారింది గానీ మాకింకా పోర్ట్ బ్లెయిరే. అక్కడ హాడోలో మా బావమరిది తిరుమలరావు క్వార్టర్లో దిగాను. అతను హార్బర్లో గుమస్తా. నాలుగు రోజుల్లో పదకొండు బళ్ళు చూశాం. నా జేబులో స్క్రూడ్రైవరు, చేతిలో చిన్న సుత్తి. బండి కిందికి దూరి ఛాసిస్ మీద తట్టేవాణ్ణి. బాగున్న ఇనుము ఖంగుమంటుంది, తినేసినది బొద్దుమంటుంది. ఒక బండికయితే అడుగున నల్ల రంగు అప్పుడే కొట్టారు. పొడిస్తే స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది.

"అరే భయ్యా, బండికి కన్నం పెట్టేశారేంటి?" అన్నాడు దాని ఓనరు.

"నేను పెట్టలేదు. నువ్వు దాచినది తెరిచాను."

అయిదో రోజు గోల్ ఘర్ వెనక సందులో బంగారురాజు యార్డుకి వెళ్ళాం. ఇతను మెయిన్‌లాండ్‌లో పాత బళ్ళు కొని ఓడ మీద తెచ్చి అమ్ముతాడు. తెల్ల బండి, ఏడు సీట్లు, ఆరేళ్ల పాతది. నలభై ఒక్క వేల కిలోమీటర్లు తిరిగింది. బెజవాడ రిజిస్ట్రేషను. వచ్చి రెండు నెలలయిందట.

కిందికి దూరి తట్టాను. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఖంగుమంది. నల్ల రంగు లేదు. బోల్టుల పక్కన ఎండిపోయిన మట్టి కొంచెం ఉంది. గోటితో గీరి నాలిక మీద పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని నిదానంగా చూశాను. ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా లేదు. ఉత్త మట్టి.

"ఏంటి సేఠ్, బండిని రుచి చూస్తున్నారా?" బంగారురాజు నవ్వాడు. "కూరలో వేస్తారా ఏంటి?"

నేను నవ్వలేదు. బేరం ముందు నవ్వితే పదివేలు పోతాయి. "పాత ఓనరు ఎవరు?"

"ఎవరో డాక్టరు. కొత్తది కొనుక్కున్నాడు. లోపల చూడండి సేఠ్, కొత్త కార్పెట్, కొత్త సీటు కవర్లు."

తలుపు తీస్తే మల్లెపూల సెంటు గుప్పుమంది. సువాసన డబ్బాలు ముందు రెండు, వెనక ఒకటి వేలాడుతున్నాయి. కార్పెట్ మీద ఇంకా ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. నేను వాటి ధర మనసులో కూడుకున్నాను. కార్పెట్ ఎనిమిది వేలు, కవర్లు ఆరు. నేను పెట్టాల్సిన ఖర్చు మిగిలింది కదా అనుకున్నాను.

అయిదు లక్షలన్నాడు. రెండు గంటలు కూర్చున్నాను. నాలుగు లక్షల పది వేలకి వచ్చాడు. చాలా తేలిగ్గా వచ్చాడు.

బయటికొచ్చాక తిరుమలరావు మెల్లగా అడిగాడు, "బావా, ధర మరీ తక్కువ కాదూ?"

"తక్కువ ఎవడికిరా? వాడికి. మనకి కాదు."

మర్నాడు పొద్దున్న ఆరింటి కాన్వాయ్‌లో బయల్దేరాను. అడవి దారిలో గేటు దగ్గర బళ్ళన్నీ వరసలో నిలబడి, ముందూ వెనకా పోలీసులతో కలిసే కదలాలి. విడిగా పోనివ్వరు. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర ఫెర్రీ మీదికి ఎక్కించి, పక్కన నిలబడి ఆ తెల్ల బండిని చూసుకున్నాను. పక్క లారీ డ్రైవరు "కిత్‌నే మే లియా, భయ్యా?" అని అడిగితే అయిదుంపావు అన్నాను. "అచ్ఛా దామ్ హై" అన్నాడు. ఆ మాటకి మరో లక్ష మిగిలినంత ఆనందం కలిగింది.

ఇంటి ముందు ఆపగానే పద్మిని చుట్టూ తిరిగి చూసింది. స్టీరింగు పట్టుకుని కూర్చుంది. నోరు విప్పి మెచ్చుకోలేదు గానీ, చీర కొంగుతో అద్దం మీద దుమ్ము తుడిచింది. మా అమ్మ వెనక సీట్లో కూర్చుని ముక్కు ఎగబీల్చింది.

"ఏటి కంపురా ఇది?"

"మల్లెపూలమ్మా."

"మల్లిపువ్వు ముందుంది. దాని ఎనకాల ఇంకోటుంది. నాగావళి పొంగి తగ్గినాక మా అమ్మోరింట్లో ఇదే వోసన ఒచ్చేది."

"అమ్మా, ఉప్పు లేదు. నాలిక మీద పెట్టి మరీ చూశాను."

"సూసినావు కదా, మరింకేటి" అని దిగిపోయింది. నేను కూడా అక్కడితో వదిలేశాను.

జూన్‌లో వానలు పట్టుకున్నాయి. పద్మిని పొద్దున్న ఆరుంపావుకి బయల్దేరేది. దారిలో వాళ్ళ హెడ్మిస్ట్రెస్ భారతీదేవి గారిని ఎక్కించుకునేది. సాయంత్రం అయిదున్నరకి గేటు దగ్గర హారన్ కొట్టేది. నేను కొట్లోంచి లేచి వెళ్ళి గేటు తీసేవాణ్ణి. నెల రోజులు అలా గడిచింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఏ సరుకైనా కొన్న నెలకి దాని అసలు రుచి తెలుస్తుంది.

జులై మొదటి ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ బండి హారన్ దానంతటది మోగడం మొదలుపెట్టింది. లోపల ఎవరూ లేరు. తాళం నా దగ్గరే ఉంది. వైపర్లు కూడా అటూ ఇటూ ఊగుతున్నాయి. బజారు బజారంతా గేటు దగ్గరికి చేరింది.

"సేఠ్, బండికి ఆకలేస్తోంది, అన్నం పెట్టండి!" అని ఒకడు. "నహీ నహీ, స్కూల్ కా టైమ్ హో గయా, మేడమ్ కో బులా రహీ హై" అని ఇంకొకడు. పద్మిని కూడా నవ్వింది. బ్యాటరీ తీగ పీకేసి ఆపాను.

మర్నాడు ఆవిడకి సెలవు. బండిని అనిల్ షెడ్డుకి తీసుకెళ్ళాను. అనిల్ రంగత్‌లో మెకానిక్కు. వాళ్ళ తాత రాంచీ నుంచి కూలికి వచ్చాడు. అతను ఏ భాష వాడితో ఆ భాష మాట్లాడతాడు. తలుపు లోపలి అట్ట విప్పాడు. కార్పెట్ ఎత్తాడు. ఫ్యూజుల పెట్టె తెరిచాడు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"చాచా, ఇక్కడ చూడండి."

తలుపు లోపలి రేకు మీద, సీటు ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు మట్టి గీత. నాలుగు తలుపులకీ అదే ఎత్తున ఉంది. ఫ్యూజుల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు కొనతో ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. గోరంత నత్త గుల్ల. గోధుమరంగులో, పల్చగా ఉంది.

"యే సముందర్ కా నహీ హై, చాచా. సముద్రం గుల్లలు చిన్నప్పటి నుంచి ఏరుకున్నాను కదా. ఇది మంచినీళ్లది."

కిందటేడు సెప్టెంబర్లో బెజవాడ వరద టీవీలో చూశాం. ఇళ్ల కప్పుల మీద మనుషులు, వీధుల్లో పడవలు, నీళ్లలో వరసగా తేలుతున్న కార్ల కప్పులు. పద్మిని అయ్యో అయ్యో అంటూ చూసింది. నేనూ చూశాను.

జీవితమంతా ఉప్పుకి భయపడ్డాను. నీళ్లంటే నాకు ఉప్పునీళ్లే. మంచినీళ్లు కూడా బండిని ముంచుతాయని తెలియక కాదు, తోచలేదు. మట్టి నాలిక మీద పెట్టుకుని, ఉప్పు లేదని సంబరపడి, డబ్బులిచ్చి వచ్చాను.

"బాగవుతుందా?"

"వైరింగ్ మొత్తం కుళ్లిపోయింది. ఈ రోజు హారన్. రేపు ఇంజను ఆగిపోవచ్చు, తలుపు లాకులు పట్టెయ్యొచ్చు. నేను చెప్పలేను. ఒక్కటే చెప్తాను చాచా, ఘాటు మీద పద్మిని దీదీ చేతికి దీన్ని ఇవ్వకండి."

"అట్ట బిగించెయ్" అన్నాను.

అనిల్ నా మొహంలోకి చూశాడు.

"బిగించు. దీదీకి చెప్పకు. నేను చెప్తాను."

బంగారురాజుకి ఫోన్ చేస్తే, "మీరే కదా సేఠ్ రుచి చూసి మరీ కొన్నారు" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

హారన్ బాగయ్యేదాకా దొరికిన బండిలో వెళ్ళమని తాళం నా దగ్గరే ఉంచుకున్నాను, అసలు సంగతి పద్మినికి చెప్పలేదు. చెబితే, నూకన్న నాలిక తప్పిందని ఇంట్లో మొదలై బజారు దాకా వెళ్తుంది. పైగా నాలుగు లక్షల పది వేలు మట్టిలో కలుస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టే పంపేస్తే నష్టం లేదు. అమ్మడంలో ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను, రంగత్ మనిషికి అమ్మకూడదు.

పది రోజుల్లో డిగ్లీపూర్ నుంచి మధుబాబు అనే అతను వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మావాళ్లే, తాతల కాలంలో విశాఖ నుంచి వచ్చిన కుటుంబం. డిగ్లీపూర్లో ఒక హోటలు వాళ్ళకి టూరిస్టుల కోసం బండి పెడతానన్నాడు. రంగత్ నుంచి డిగ్లీపూర్ వంద కిలోమీటర్ల పైన. నాకు సరిపోయింది. నేను కార్పెట్ ఉతికించి, కొత్త సెంటు డబ్బా తగిలించి ఉంచాను.

అతను బండి కిందికి దూరాడు. కాసేపు తట్టిన చప్పుడు. తర్వాత చప్పుడు ఆగింది. వంగి చూశాను. వెల్లకిలా పడుకుని, గోటితో మట్టి గీరి నాలిక మీద పెట్టుకుంటున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఉప్పు లేదు కదా?" అన్నాను.

"లేదు చాచా. బిల్కుల్ లేదు."

"ఉప్పునీళ్లు ఎరగని బండి" అన్నాను. అది అబద్ధం కాదు.

నాలుగు లక్షల ముప్పై అయిదు వేలకి బేరం తెగింది.

"బాగా నడుస్తున్న బండిని ఎందుకు అమ్మేశారు?" పద్మిని కోపంగా అడిగింది.

"మంచి బేరం వచ్చింది. ఇంతకంటే మంచిది తెస్తాను. పది రోజులు సెలవు పెట్టు."

"యూనిట్ టెస్టులు పెట్టుకుని సెలవా? ఏదో ఒకటి చూసుకుంటాలెండి" అంది.

నేను మళ్ళీ హాడో వెళ్ళాను. ఈసారి స్క్రూడ్రైవరుతో పాటు టార్చిలైటు కూడా తీసుకెళ్ళి, చూసిన ప్రతి బండికీ ముందు కార్పెట్ ఎత్తించాను. వెళ్ళిన అయిదో రోజు పద్మిని ఫోన్ చేసింది. వాన చప్పుడులో మాట తెగి తెగి వినిపిస్తోంది.

"నేనూ భారతీదేవి గారూ ఒక బండి మాట్లాడుకున్నాం. మీరు తొందరపడకండి, నిదానంగా చూడండి."

"ఎంతకి?" అన్నాను.

"నెలకి చెరి నాలుగు వేలు."

"మూడున్నరకి అడగాల్సింది" అన్నాను. ఆవిడ నవ్వి, ఇంకేదో చెప్పబోయింది. లైను తెగిపోయింది. నేను మళ్ళీ చెయ్యలేదు. ఎవరి బండి, ఏ బండి అని అడగలేదు. ఎంతకి అని ఒక్కటే అడిగాను.

ఆ ఫోన్ వచ్చిన మూడో రోజు సాయంత్రం, హాడో రేవు దగ్గర ఒక బండి కింద ఉండగా ఫోన్ మోగింది. అనిల్.

"చాచా, మీ తెల్ల బండి..."

వాక్యం పూర్తి కానివ్వలేదు. మధుబాబు డబ్బు వెనక్కి అడుగుతున్నాడనుకున్నాను. ఆ సమాధానం వారం నుంచి తయారుగా ఉంది. "అనిల్, దాని సంగతి నాకు చెప్పకు. చూసుకునే కొన్నాడు. కాగితాలు మారిపోయాయి. నాకేం సంబంధం?"

"కాగితాలు కాదు చాచా. పద్మిని దీదీ అందులో ఉంది."

బండి కిందనే పడుకుని ఉన్నాను. నా మొహం మీద పైనుంచి తుప్పు పొడి రాలుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు. "ఏ బండిలో?" అన్నాను. అనిల్ మళ్ళీ చెప్పాడు. మూడోసారి అడిగితే మూడోసారీ చెప్పాడు.

డిగ్లీపూర్ హోటలు వాళ్ళు మధుబాబుకి బేరం ఇవ్వలేదట. వాయిదాలు కట్టాలి కాబట్టి కదంతల రూటులో టీచర్లని తిప్పడానికి వచ్చేశాడు. బజారులో తెల్ల బండిని చూసి, మా ఆయన ఏరి కొన్న బండే అని పద్మిని సంతోషంగా ఎక్కింది. భారతీదేవి గారితో అలాగే అందట. ఆ రోజు పెద్దవాన. బడి నుంచి తిరిగి వస్తుంటే ఘాటు ఎక్కుతూ మధ్యలో ఇంజను, లైట్లు అన్నీ ఒక్కసారి చచ్చిపోయాయి. బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుని కిందికి దిగలేదు. బండి వెనక్కి జారి, కల్వర్టు పక్కన వాగులో పడింది. తలుపుల లాకులు రాలేదు. అద్దాలు దిగలేదు. నీళ్లు సీటు దాకా వచ్చాయి. రోడ్డు పనివాళ్లు గొడ్డలితో వెనక అద్దం పగలగొట్టి ఒక్కొక్కరినీ లాగారు. మధుబాబు కుడి కాలు నలిగిపోయింది. భారతీదేవి గారికి గాజు గీతలతో సరిపోయింది. పద్మినికి అదే మణికట్టు మళ్ళీ విరిగింది.

అప్పటికి ఆఖరి కాన్వాయ్ వెళ్ళిపోయింది. మర్నాడు ఆరింటి దాకా గేటు తియ్యరు. తిరుమలరావు ఎవరెవరినో బతిమాలాడు, కుదరలేదు. భార్య నూట యాభై కిలోమీటర్ల అవతల ఉంది, నడుమ అడవి తాళం వేసుకుంది. ఆ రాత్రి సంగతి రాయను.

మర్నాడు ఒంటిగంటకి రంగత్ ఆసుపత్రికి చేరాను. పద్మిని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నుదుటి మీద కుట్లు, చేతికి కట్టు. మంచం పక్కన అనిల్ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకుని బయటికి వెళ్ళాడు. నేను ఆవిడకి చెప్పే ఉంటానని అతను అనుకుని, "చాచాకి నేను అప్పుడే చెప్పాను కదా దీదీ, మళ్ళీ ఎందుకు ఎక్కారు?" అని అడిగాడని తర్వాత తెలిసింది.

పద్మిని నావైపు చూసింది. ఏడవలేదు, అరవలేదు.

"నత్త గుల్ల ఎక్కడుంది?" అంది.

"గల్లాపెట్టెలో."

"ఎంతకి అమ్మారు?"

"నాలుగు ముప్పై అయిదు."

"నాలుగు పదికి కొని." పిల్లల లెక్కల నోటు దిద్దుతున్నట్టు ఒక్క క్షణం ఆగింది. "ఇరవై అయిదు వేలు."

అంతే. ఆ తర్వాత నర్సుని పిలిచి, మధుబాబు ఏమైనా తిన్నాడా అని అడిగింది.

ఆగస్టు మూడో వారంలో కట్టు చేత్తోనే క్వార్టరుకి వెళ్ళిపోయింది. ఒక గ్యాసు స్టవ్వు, రెండు గిన్నెలు, పరుపు. అనిలే వ్యానులో దింపాడు. ఒక శనివారం బస్సులో వచ్చి మా అమ్మకి మందులు సర్ది, ఆదివారం సాయంత్రం వెళ్ళేది. మరో శనివారం వచ్చేది కాదు. గుమ్మంలో నిలబడి నేను ఏదో అనబోతే, "రిజిస్టర్లు దిద్దాలి" అనేది.

రాత్రి అన్నం అమ్మా నేనూ తినేవాళ్లం. అమ్మ ఒక రోజు కంచం ముందు కూర్చుని అంది, "నాలికొక్కటే ఇచ్చినాడేట్రా దేవుడు నీకు? ముక్కు కూడా ఇచ్చినాడు. నోరూ ఇచ్చినాడు, పెళ్ళానికి సెప్పడానికి."

మధుబాబుని ఆపరేషనుకి పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళారు. బండికి అతనిచ్చిన మొత్తమూ, ఆపరేషను ఖర్చుకి గోడౌనులో వక్కలు అయినకాడికి అమ్మిన డబ్బూ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. అతను మంచం మీద లేవబోయాడు.

"అరే, మీరెందుకు చాచా? మీ తప్పేముంది? ఉప్పు లేదన్నారు. నేనూ నాకి చూశాను కదా, నిజంగానే లేదు."

వెక్కిరిస్తున్నాడేమో అని మొహంలోకి చూశాను. వెక్కిరింత కాదు. నన్ను ఓదారుస్తున్నాడు.

సంచి అక్కడ పెట్టేసి వచ్చెయ్యొచ్చు. పెద్దమనిషినని పేరు కూడా వస్తుంది. కానీ సంచి పెట్టి అక్కడే నిలబడ్డాను. "బాబూ, నీకు అమ్మేనాటికి నాకు తెలుసు. నత్త గుల్ల దొరికింది. తెలిసే అమ్మాను" అన్నాను.

అతను నవ్వుమొహంతోనే కాసేపు ఉండిపోయాడు, ఆ మాట ఇంకా లోపలికి దిగనట్టు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పక్కనున్న వాళ్ళమ్మ చిట్టితల్లి సంచి తీసుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.

"సరిపోయింది. ఇంక ఈ గదిలోకి రాకండి" అంది.

నాకు తెలిసే అమ్మానన్న సంగతి ఓడ కంటే ముందే రంగత్ చేరింది. కొట్లోకి వచ్చే రైతులు నా తక్కెడ చూశాక పక్క కొట్లో కూడా తూకం వేయించుకోవడం మొదలుపెట్టారు. బస్తా భుజాన వేసుకుని అటు వెళ్ళి, తూచుకుని, మళ్ళీ ఇటు వచ్చేవారు. నేను చూస్తూ కూర్చునేవాణ్ణి.

డిసెంబరు ఆఖర్లో వానలు తగ్గాయి. ఒక శనివారం పద్మిని వచ్చి, చెప్పులు విప్పకుండానే అంది, "జనవరి నుంచి ఇంటి నుంచే వెళ్తాను. అత్తయ్యకి ఒంట్లో బాగుండటం లేదు. బండి నేను కొంటాను, నా డబ్బుతో. రేపు చూడ్డానికి వెళ్తున్నాను. మీరూ రావచ్చు. నోరు మెదపకూడదు."

నారాయణమూర్తి గారని బకుల్‌తలాలో ఉండే రిటైర్డు మాస్టారి బండి అది. పదేళ్లది, ఆకుపచ్చది, అక్కడక్కడ తుప్పు పొక్కులు. నా చెయ్యి జేబులో స్క్రూడ్రైవరు మీదికి వెళ్ళింది. పద్మిని బండివైపు చూడనే లేదు. మాస్టారి ఎదురుగా కూర్చుని, నోటుబుక్కు తెరిచి అడిగింది, "మాస్టారూ, దీనికి ఏమేం జబ్బులున్నాయో చెప్పండి."

ముప్పై ఏళ్ల వ్యాపారంలో నేను ఎవరినీ ఆ మాట అడగలేదు. అమ్మేవాడు చెప్పడని నా నమ్మకం. నేనెప్పుడూ చెప్పలేదు మరి.

మాస్టారు అరగంట చెప్పారు. వెనక ఫ్లోరు రెండుసార్లు వెల్డింగ్ అయింది. క్లచ్ ఈ ఏడాది మార్చాలి. ఎడమ కిటికీ సగం దాకే దిగుతుంది. వాన పడితే టాపు మూల నుంచి ఒక చుక్క కారుతుంది, అక్కడ గుడ్డ పెట్టుకోవాలి. పద్మిని ఒక్కొక్కటీ రాసుకుంది. మాతో వచ్చిన అనిల్ విప్పి చూసి, ఆయన చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయన్నాడు. మూడు లక్షల ఇరవై వేలు అడిగారు. మూడు లక్షల ఇరవై వేలు ఇచ్చింది. నేను పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. రెండు ఎనభైకి వచ్చే బండి అది.

వచ్చేటప్పుడు ముందు సీట్లో అనిల్ కూర్చున్నాడు. నాకు వెనక సీటు. సరిగ్గా ఆ చుక్క కారే మూల కింద.

ఆ వానాకాలం లెక్క ఇది. పోయినవి: మధుబాబు కాలి మామూలు నడక, ఇప్పుడు కర్ర పట్టుకునే నడుస్తాడు. పద్మిని ఎడమ చేతి వేళ్లలో రెండింటి బలం. అయిదు నెలల రాత్రి అన్నాలు. ఒక పేరు. డబ్బు సంగతి చివర రాద్దామనుకున్నాను గానీ, రాయబోతే అంత పెద్దదిగా అనిపించడం లేదు. మిగిలినవి: గల్లాపెట్టెలో ఒక నత్త గుల్ల. పారెయ్యమని పద్మిని అనలేదు, నేను పారెయ్యలేదు.

వచ్చింది ఒక్కటే. సాయంత్రం అయిదున్నర దాటాక గేటు దగ్గర ఆకుపచ్చ బండి హారన్ వినిపిస్తుంది. అది దానంతటది మోగదు. ఆవిడ కొడితేనే మోగుతుంది. నేను కొట్లోంచి లేచి వెళ్ళి గేటు తీస్తాను. తాళం చెవి నా చేతికి ఇవ్వదు. లోపలికి వెళ్ళి రాత్రి అన్నానికి రెండు కంచాలు కాదు, మూడు పెడుతుంది.